రెండు జనరేటర్లు, ఒకే బస్‌బార్: సింక్ మాడ్యూల్ అసలు ఏం చేస్తుంది?

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు ఏడాది బతుకంతా తోతాపురి కాయ దిగే కొద్ది వారాల్లోనే ఉంటుంది. జూన్, జూలై నెలల్లో పల్పర్లు, బాయిలర్ ఫ్యాన్లు, శీతలీకరణ కంప్రెసర్లు, అసెప్టిక్ ఫిల్లర్లు (సూక్ష్మక్రిములు చేరకుండా గుజ్జు నింపే యంత్రాలు) రాత్రీ పగలూ నడుస్తాయి. ఈదురుగాలికి ఫీడర్ ట్రిప్ అయిందంటే యంత్రాలు ఆగడంతో నష్టం తీరదు. అసెప్టిక్ లైన్‌లో స్టెరిలిటీ పోతే పైపులన్నిటినీ మళ్లీ ఆవిరితో శుద్ధి చేసుకుని పని మొదటినుంచి మొదలుపెట్టాలి, ఈలోగా లారీల్లో కాయ మగ్గిపోతూ ఉంటుంది. తిరుపతిలోని పెద్ద ఆసుపత్రులకూ వసతి గృహాలకూ, రేణిగుంట, శ్రీసిటీ వైపు పరిశ్రమలకూ కారణాలు వేరైనా అవసరం ఇదే. అందుకే ఇలాంటి చోట్ల ఒక్క జనరేటర్‌తో సరిపెట్టుకోరు, రెండో మూడో ఉంటాయి.

అయితే అవి ఉన్నాయంటే కలిసి పనిచేస్తున్నాయని కాదు. చాలాచోట్ల ఒక్కో జనరేటర్‌కు ఒక్కో వైపు లోడ్ అప్పగించి, మధ్యలో ఛేంజోవర్ స్విచ్ పెట్టి వదిలేస్తారు. ఒక వైపు 500 కేవీఏ సామర్థ్యం ఉన్న జనరేటర్ సెట్ పాతిక శాతం లోడ్‌తో నల్లటి పొగ కక్కుతూ ఉంటే, మరో వైపు అదే సామర్థ్యం ఉన్న సెట్ కంప్రెసర్ స్టార్ట్ కాగానే ఓవర్‌లోడ్‌తో ట్రిప్ అవుతుంది. డీజిల్ ఇంజిన్‌ను దాని సామర్థ్యంలో 30 శాతం కన్నా తక్కువ లోడ్‌పై ఎక్కువకాలం నడిపితే ఇంధనం పూర్తిగా మండక ఇంజెక్టర్లలో, ఎగ్జాస్ట్‌లో మసి, జిగురు పేరుకుంటాయి. మొత్తం లోడ్ చూస్తే రెండు సెట్లకు హాయిగా సరిపోతుంది, కానీ అది సగం చోట ఎక్కువై, సగం చోట తక్కువై ఉంటుంది.

దీనికి పరిష్కారం జనరేటర్లన్నిటినీ ఒకే బస్‌బార్‌కు, అంటే అన్నిటి కరెంటూ చేరే ఉమ్మడి లోహపు పట్టీకి కలిపి, అక్కడినుంచి లోడ్‌కు ఇవ్వడం. అప్పుడు ప్రతి సెట్ ప్యానెల్ తలుపు మీదా చిన్న తెర ఉన్న కంట్రోల్ మాడ్యూల్ ఒకటి వచ్చి చేరుతుంది. సెట్ల తరంగాలను ఒకే తాళానికి తెచ్చి (సింక్ చేసి) కలుపుతుంది కాబట్టి దాన్నే సింక్ మాడ్యూల్ అంటారు. కరెంటును రెండు జనరేటర్ల మధ్య పంచేది అదేనని చాలామంది అనుకుంటారు, తేడా వస్తే నింద కూడా దానిమీదే వేస్తారు. నిజానికి ఆ మాడ్యూల్ గుండా లోడ్ కరెంటు ఒక్క ఆంపియర్ కూడా పోదు. అది వోల్టేజీనీ కరెంటునూ కొలుస్తుంది, పక్క సెట్ మాడ్యూల్‌తో మాట్లాడుతుంది, ఆ తర్వాత రెండే రెండు చోట్ల కొద్దిగా సవరణ చేస్తుంది. ఇంజిన్ వేగాన్ని అదుపుచేసే గవర్నర్‌కు ఇంధనం కాస్త పెంచమనో తగ్గించమనో చెబుతుంది, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వోల్టేజీని అదుపుచేసే ఏవీఆర్‌కు ఎక్సైటేషన్‌ను, అంటే రోటార్ అయస్కాంత బలాన్ని కాస్త పెంచమనో తగ్గించమనో చెబుతుంది. ఈ రెండు సవరణల ఫలితం, సెట్‌ను బస్‌బార్‌కు కలిపే స్విచ్ అయిన బ్రేకర్‌ను మూయకముందు (కలపకముందు) ఒకలా, మూశాక పూర్తిగా మరోలా ఉంటుందన్న సంగతి పట్టుబడితే ఈ విషయంలో చిక్కుముడులు చాలావరకు విడిపోతాయి.

బ్రేకర్ మూయడానికి ముందు

నాలుగు అయస్కాంత ధ్రువాలున్న ఆల్టర్నేటర్‌ను ఇంజిన్ నిమిషానికి 1500 చుట్లు తిప్పితే 50 హెర్ట్జ్ వస్తుంది. మన దగ్గర లైన్ల మధ్య వోల్టేజీ 415, ఫేజుకీ న్యూట్రల్‌కూ మధ్య 240. ఒక సెట్ ఇప్పటికే బస్‌బార్‌పై నడుస్తుండగా రెండోదాన్ని చేర్చాలంటే ఆర్-వై-బి అనే మూడు ఫేజుల వరుస ఒకటే కావాలి, వోల్టేజీలు దాదాపు సమానం కావాలి, ఫ్రీక్వెన్సీలు దాదాపు సమానం కావాలి, ఆ క్షణంలో రెండు తరంగాల మధ్య ఫేజ్ కోణం (ఒకదానికన్నా మరొకటి ఎంత ముందుందన్న కొలత) సున్నాకు దగ్గరగా ఉండాలి. ఫేజుల వరుస కేబుల్ బిగించినప్పుడే తేలిపోయే విషయం, దాన్ని ఏ మాడ్యూలూ మార్చలేదు. మిగతా మూడింటిని గవర్నర్, ఏవీఆర్‌ల ద్వారా మాడ్యూల్ సరిచేస్తుంది. వోల్టేజీలో 5 శాతం, ఫ్రీక్వెన్సీలో 0.1 నుంచి 0.3 హెర్ట్జ్, కోణంలో 10 డిగ్రీల లోపు తేడాను అనుమతించడం వాడుకలో ఉన్న సెట్టింగ్.

ఈ పది డిగ్రీల విలువ తెలియాలంటే లెక్క వేసి చూడాలి. రెండు వైపులా 240 వోల్టులు సరిగ్గా ఉన్నా, కోణం 10 డిగ్రీలు ఉంటే తెరిచి ఉన్న బ్రేకర్ పోల్ రెండు కొసల మధ్య సుమారు 42 వోల్టులు ఉంటాయి. కోణం 180 డిగ్రీలైతే అది 480 వోల్టులవుతుంది. ఆ స్థితిలో బ్రేకర్ మూసుకుంటే, ఒకే సామర్థ్యం ఉన్న రెండు ఆల్టర్నేటర్ల మధ్య టెర్మినళ్ల దగ్గర షార్ట్ సర్క్యూట్ అయినంతటి కరెంటు ప్రవహిస్తుంది, రెండు రోటార్లనూ ఒకే వరుసలోకి లాగే బలం షాఫ్ట్ మీద ఒక్కసారిగా పడుతుంది. కప్లింగ్ తెగడం, వైండింగ్ చివరలు కదిలిపోవడం, క్రాంక్‌షాఫ్ట్‌కే దెబ్బ తగలడం వంటివి ఇలాంటి మూతల వల్ల జరుగుతాయి.

పాత ప్యానెళ్లలో ఈ క్షణాన్ని దీపాలతో పట్టుకునేవారు. బ్రేకర్ ఒక్కో ఫేజు రెండు కొసల మధ్య దీపాలు పెడితే అవి నెమ్మదిగా వెలుగుతూ ఆరుతూ ఉంటాయి, పూర్తిగా ఆరిన క్షణమే సింక్ అయిన క్షణం. మూడూ కలిసి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటే ఫేజుల వరుస తప్పిందని అర్థం. ఆ తర్వాత సింక్రోస్కోప్ వచ్చింది. ముల్లు గడియారం దిశలో నెమ్మదిగా తిరుగుతూ పన్నెండు గంటల స్థానానికి కొద్దిగా ముందుండగా ఆపరేటర్ బటన్ నొక్కేవాడు. ముల్లు ఆ దిశలోనే తిరగాలనడానికి కారణం ఉంది. కొత్తగా చేరే సెట్ పిసరంత వేగంగా ఉంటే చేరగానే కొద్దిగా లోడ్ ఎత్తుకుంటుంది. నిదానంగా ఉంటే చేరగానే బస్‌బార్ నుంచే శక్తి తీసుకుని మోటారులా తిరగడానికి చూస్తుంది.

మాడ్యూల్ ఈ పనిని మనిషికన్నా మెరుగ్గా చేయడానికి కారణం అది ముందుచూపుతో ఆజ్ఞ ఇవ్వగలగడం. బస్‌బార్ 50 హెర్ట్జ్‌లో, వచ్చే సెట్ 50.2 హెర్ట్జ్‌లో ఉన్నాయనుకుందాం. తేడా 0.2 హెర్ట్జ్ కాబట్టి కోణం 5 సెకన్లకు ఒక పూర్తి చుట్టు, అంటే సెకనుకు 72 డిగ్రీల చొప్పున మారుతుంది. ఆజ్ఞ అందాక బ్రేకర్ కాంటాక్టులు కలవడానికి 80 మిల్లీసెకన్లు పడితే ఆ వ్యవధిలో కోణం దాదాపు 6 డిగ్రీలు జరిగిపోతుంది. కాబట్టి ఆజ్ఞను ఆ మేరకు ముందే పంపాలి. బ్రేకర్ మూసుకునే సమయం అనే సెట్టింగ్ మాడ్యూళ్లలో ఉండేది ఇందుకే. అక్కడ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అంకెనే వదిలేసిన ప్యానెళ్లు తక్కువేమీ కావు. బిగించిన ఏసీబీ (ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్) మూసుకునే సమయం ఎంతో దాని పత్రంలోనే ఉంటుంది, ఆ అంకెను ఎక్కించడానికి రెండు నిమిషాలు చాలు.

బ్రేకర్ మూశాక మారే అర్థం

ఒంటరిగా నడిచే జనరేటర్‌లో ఇంధనం పెంచితే వేగం పెరుగుతుంది, ఎక్సైటేషన్ పెంచితే వోల్టేజీ పెరుగుతుంది. ఇది అందరికీ తెలిసిందే. రెండో సెట్‌తో కలిసి బస్‌బార్‌పైకి వచ్చాక ఇదే సవరణ వేరే ఫలితాన్ని ఇస్తుంది. ఒక కాడికి కట్టిన రెండు ఎద్దుల్లో ఒకటి బలంగా లాగినంత మాత్రాన అది రెండోదాన్ని దాటి ముందుకు పోదు, నడక ఇద్దరిదీ ఒకటే, బరువులో ఎక్కువ భాగం మాత్రం దాని మెడమీదికి వస్తుంది. బస్‌బార్‌పై ఉన్న సెట్లు కూడా విద్యుత్ బంధంతో ఒకే ఫ్రీక్వెన్సీకి కట్టుబడి ఉంటాయి. అందువల్ల ఒక ఇంజిన్‌కు ఇంధనం పెంచితే అది ఎక్కువ కిలోవాట్లు ఎత్తుకుంటుంది, పక్కది అంత మేరకు తేలికపడుతుంది. ఒక ఆల్టర్నేటర్‌కు ఎక్సైటేషన్ పెంచితే అది ఎక్కువ రియాక్టివ్ శక్తిని (మోటార్ల అయస్కాంత క్షేత్రానికి కావాల్సిన, నికరంగా పని చేయని శక్తిని), అంటే కేవీఏఆర్‌ను ఎత్తుకుంటుంది. బస్‌బార్ ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ కదిలితే కాస్త కదులుతాయేమో గాని, అసలు మార్పు పంపకంలోనే జరుగుతుంది.

లోడ్ షేరింగ్ అంటే ఇక్కడ రెండు వేర్వేరు పంపకాలన్న మాట: కిలోవాట్ల పంపకం ఇంధనంతో, కేవీఏఆర్‌ల పంపకం ఎక్సైటేషన్‌తో. ఈ రెంటినీ విడదీసి చూడకపోవడమే సైట్లలో జరిగే వాదనల్లో సగానికి మూలమని నేను నమ్ముతాను.

ముందుగా కిలోవాట్లను చూద్దాం. ఏ మాడ్యూలూ లేని రోజుల్లో కూడా జనరేటర్లు కలిసి నడిచాయి. గవర్నర్‌లో డ్రూప్ అనే ఏర్పాటుతో అది సాధ్యమైంది. లోడ్ పెరిగేకొద్దీ వేగాన్ని ఒక క్రమంలో తగ్గనివ్వడమే డ్రూప్. 4 శాతం డ్రూప్ ఉన్న సెట్ లోడ్ లేనప్పుడు 52 హెర్ట్జ్‌లో, పూర్తి లోడ్‌పై 50 హెర్ట్జ్‌లో నడుస్తుంది. 500 కేవీఏ సెట్ 0.8 పవర్ ఫ్యాక్టర్ (మొత్తం కేవీఏలో నిజంగా పనిచేసే కిలోవాట్ల వంతు) దగ్గర 400 కిలోవాట్లు ఇస్తుంది కాబట్టి ఒక హెర్ట్జ్ తగ్గితే 200 కిలోవాట్ల లోడ్ ఎత్తుకున్నట్టు. ఇలాంటి రెండు సెట్లపై మొత్తం 400 కిలోవాట్ల లోడ్ పడితే రెండూ 51 హెర్ట్జ్ దగ్గర నిలిచి చెరి 200 మోస్తాయి. ఇప్పుడు రెండో సెట్ గవర్నర్ 52కు బదులు 51.5 హెర్ట్జ్‌కు సెట్ అయి ఉందనుకుందాం. అప్పుడు బస్‌బార్ 50.75 హెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది, మొదటి సెట్ 250 కిలోవాట్లు, రెండోది 150 కిలోవాట్లు మోస్తాయి. అర హెర్ట్జ్ తేడా నూరు కిలోవాట్ల తేడాగా మారింది. అయినా వ్యవస్థ స్థిరంగా ఉంది, ఏదీ పడిపోలేదు. డ్రూప్ గొప్పతనం ఇదే: సెట్ల మధ్య ఒక్క తీగ కూడా అవసరం లేకుండా పంపకం జరుగుతుంది. దాని లోపం కూడా కనిపిస్తూనే ఉంది. లోడ్ మారినప్పుడల్లా ఫ్రీక్వెన్సీ మారుతుంది.

ఫ్రీక్వెన్సీ ఎప్పుడూ 50 దగ్గరే ఉండాలంటే గవర్నర్‌ను ఐసోక్రోనస్ పద్ధతిలో, అంటే లోడ్ ఎంతున్నా వేగం మారనివ్వని పద్ధతిలో నడపాలి. ఒంటరి సెట్‌కు ఇది చక్కగా పనిచేస్తుంది. రెండు ఐసోక్రోనస్ గవర్నర్లను మాటామంతీ లేకుండా ఒకే బస్‌బార్‌పై వదిలితే మాత్రం ప్రమాదం. రెండింటి లక్ష్యవేగాల్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా, వేగం తక్కువగా ఉందని ఒకటి ఇంధనం పెంచుతూనే పోతుంది, ఎక్కువగా ఉందని రెండోది తగ్గిస్తూనే పోతుంది. చివరకు ఒకటి లోడ్ మొత్తాన్నీ మోస్తూ రెండోదాన్ని మోటారులా తిప్పుతుంది.

లోడ్ షేరింగ్ మాడ్యూల్ పుట్టింది ఈ చోట. ప్రతి సెట్ మాడ్యూల్ తన సీటీలు (కరెంటును కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు), వోల్టేజ్ తీగల నుంచి తాను మోస్తున్న కిలోవాట్లను లెక్కించి, దాన్ని తన సామర్థ్యంలో శాతంగా మార్చి, మిగతావాటికి చెబుతుంది. అందరి సగటు కన్నా తాను ఎక్కువ మోస్తుంటే గవర్నర్‌ను కాస్త తగ్గిస్తుంది, తక్కువ మోస్తుంటే కాస్త పెంచుతుంది. మరోపక్క బస్‌బార్ ఫ్రీక్వెన్సీని అందరూ కలిసి 50 దగ్గర నిలుపుతారు. శాతంలో పోల్చుకుంటాయి కాబట్టి సెట్లు సమానం కానక్కర్లేదు. 400 కిలోవాట్ల సెట్, 200 కిలోవాట్ల సెట్ కలిసి 300 కిలోవాట్ల లోడ్ మోయాల్సివస్తే మొదటిది 200, రెండోది 100 తీసుకుంటాయి, రెండూ సగం లోడ్‌పై ఉంటాయి. అందుకే మాడ్యూల్‌లో సెట్ రేటింగ్ తప్పుగా ఎక్కిస్తే పంపకం తప్పుతుంది, మాడ్యూల్ తెరమీద మాత్రం శాతాలు సమానంగానే కనిపిస్తాయి.

మాడ్యూళ్ల మధ్య ఈ మాటలు ఒకప్పుడు కొద్ది వోల్టుల డీసీ సంకేతంగా రెండు తీగల మీద నడిచేవి. నీటిచక్రాల గవర్నర్‌తో 1870లో మొదలైన అమెరికా సంస్థ వుడ్‌వర్డ్ తయారుచేసిన 2301ఏ వంటి యూనిట్లు ఈ పద్ధతికి ఇప్పటికీ గుర్తుగా నిలిచాయి. ఇప్పుడు బ్రిటన్‌కు చెందిన డీప్ సీ ఎలక్ట్రానిక్స్, చెక్ సంస్థ కామ్‌ఆప్, డెన్మార్క్ సంస్థ డీఫ్, వుడ్‌వర్డ్ కూడా తమ మాడ్యూళ్ల మధ్య క్యాన్ బస్ (రెండు తీగల మీద డిజిటల్ సందేశాలు పంపే పద్ధతి) వాడుతున్నాయి. అయితే ఒక సంస్థ మాడ్యూల్ మాట్లాడే భాష మరో సంస్థ మాడ్యూల్‌కు అర్థం కాదు. పాత సెట్ పక్కన కొత్త సెట్ కొనేవారు దీన్ని ముందే గుర్తుంచుకోవాలి. రెండింటికీ ఒకే రకం మాడ్యూల్ మార్పించడమో, రెండూ అంగీకరించే డీసీ సంకేతాన్ని వాడడమో తప్పదు.

క్యాన్ తీగ విషయంలో సైట్‌లో పనికొచ్చే చిన్న పరీక్ష ఒకటుంది. ఈ తీగ రెండు చివర్లలో చెరొక 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి, మధ్యలో ఉన్న మాడ్యూళ్లకు ఉండకూడదు. సప్లై ఆపేసి క్యాన్-హై, క్యాన్-లో తీగల మధ్య మల్టీమీటర్ పెడితే 60 ఓమ్‌లకు దగ్గరగా చూపాలి. 120 చూపితే ఒక చివర రెసిస్టర్ లేదు, 40 చూపితే ఎవరో మూడోది బిగించారు. పంపకం కాసేపు బాగుండి కాసేపు చెదిరిపోతోందన్న ఫిర్యాదు వస్తే సెట్టింగుల జోలికి పోకముందు ఈ కొలత తీసుకోవడం మంచిది.

ఆంపియర్లు ఎందుకు కలవవు?

కిలోవాట్ మీటర్లు రెండూ సమానంగా ఉంటాయి, ఆంపియర్లు మాత్రం ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ ఉంటాయి. "లోడ్ సరిగ్గా పంచట్లేదు సార్" అని ఆపరేటర్ అంటే, వచ్చి ప్యానెల్ చూసినవాళ్లు గవర్నర్ సెట్టింగ్ మారుస్తారు, దాంతో కిలోవాట్లు కూడా చెడతాయి.

అంకెలతో చూద్దాం. 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో 400 కిలోవాట్ల లోడ్ అంటే దానితోపాటు 300 కేవీఏఆర్ కూడా కావాలి. సరైన పంపకంలో ఒక్కో సెట్ 200 కిలోవాట్లు, 150 కేవీఏఆర్ ఇస్తుంది, అంటే 250 కేవీఏ, కరెంటు సుమారు 348 ఆంపియర్లు. ఇప్పుడు మొదటి సెట్ ఏవీఆర్ కాస్త ఎక్కువ వోల్టేజీకి సెట్ అయి ఉండి 250 కేవీఏఆర్ అదే మోస్తే, రెండోదానికి మిగిలేది 50. కిలోవాట్లు ఇప్పటికీ చెరి 200. కాని మొదటి సెట్ 320 కేవీఏతో 445 ఆంపియర్లు, రెండోది 206 కేవీఏతో 287 ఆంపియర్లు మోస్తాయి. పవర్ ఫ్యాక్టర్ మీటర్లు ఒకదాంట్లో 0.62, మరోదాంట్లో 0.97 చూపుతాయి. అసలు లోడ్‌కు కావాల్సింది 696 ఆంపియర్లే, రెండు మీటర్ల మొత్తం 732. ఎక్కువైన భాగం లోడ్‌కు చేరకుండా రెండు ఆల్టర్నేటర్ల మధ్యే తిరుగుతూ వైండింగులను వేడెక్కిస్తోంది. ఇక్కడ ముట్టుకోవాల్సింది ఏవీఆర్‌ను, గవర్నర్‌ను కాదు.

కేవీఏఆర్‌లకు కూడా గవర్నర్ డ్రూప్ లాంటి ఏర్పాటు పాతకాలం నుంచీ ఉంది. ఏవీఆర్‌కు ఒక సీటీని కలిపి, రియాక్టివ్ లోడ్ పెరిగితే వోల్టేజీ కాస్త తగ్గేలా చేస్తారు. మాడ్యూల్ ఉన్నచోట అది ఏవీఆర్‌కు నేరుగా సవరణ సంకేతం పంపి కేవీఏఆర్ శాతాలను సమానం చేస్తుంది. ఇందుకు ఏవీఆర్‌కు బయటి సంకేతాన్ని తీసుకునే టెర్మినళ్లు ఉండాలి. మాడ్యూల్ కొని, ఏవీఆర్ మాత్రం ఆ సౌకర్యం లేని చౌక రకం వాడితే సగం పంపకమే జరుగుతుంది.

దీనికి తోడు ఫ్యాక్టరీలో పవర్ ఫ్యాక్టర్ సరిచేసే కెపాసిటర్ ప్యానెల్ ఉంటుంది. సప్లైపై నడిచేటప్పుడు అది డబ్బు ఆదా చేసే పరికరం. జనరేటర్‌పై తక్కువ లోడ్‌తో ఉన్నప్పుడు కెపాసిటర్లు ఆన్‌లోనే మిగిలిపోతే పవర్ ఫ్యాక్టర్ లీడింగ్‌లోకి (కరెంటు వోల్టేజీకన్నా ముందుండే స్థితిలోకి) వెళ్తుంది, ఏవీఆర్ ఎక్సైటేషన్‌ను ఎంత తగ్గించినా వోల్టేజీ అదుపులో ఉండదు. జనరేటర్ నడుస్తున్నంతసేపూ ఆ ప్యానెల్‌ను ఆపడమో, పరిమితం చేయడమో ముందే ఏర్పాటు చేసుకోవాలి.

మాడ్యూల్ నమ్మేది తీగల్నే

మాడ్యూల్‌కు ఇంజిన్ కనిపించదు, బ్రేకర్ కనిపించదు. దానికి తెలిసిందల్లా తనకు వచ్చిన తీగలు చెప్పిన సంగతే. ఒక సెట్‌లో సీటీ తీగలు తలకిందులుగా బిగించారనుకుందాం. ఆ సెట్ 50 కిలోవాట్లు ఇస్తుంటే మాడ్యూల్‌కు మైనస్ 50గా కనిపిస్తుంది. తాను తక్కువ మోస్తున్నానని ఇంధనం పెంచుతుంది. నిజమైన లోడ్ 100 అవుతుంది, మాడ్యూల్‌కు మైనస్ 100గా కనిపిస్తుంది, ఇంకా పెంచుతుంది. కొద్ది సెకన్లలో ఆ సెట్ లోడ్ అంతా లాక్కుంటుంది, లేదంటే దాని రివర్స్ పవర్ రక్షణ (జనరేటర్‌లోకి శక్తి వెనక్కి వస్తే బ్రేకర్‌ను తెరిచే ఏర్పాటు) పనిచేసి, నిజంగా శక్తినిస్తున్న సెట్‌నే బస్‌బార్ నుంచి తప్పిస్తుంది. రివర్స్ పవర్ ట్రిప్ అని తెరమీద చూసి మాడ్యూల్ పాడైందని కొత్తది తెప్పిస్తే, కొత్తది కూడా అదే చేస్తుంది. ఆర్ ఫేజు సీటీని వై ఫేజు టెర్మినళ్లకు కలిపినా కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ అర్థం లేని అంకెలు చూపుతాయి. ప్రతి సెట్‌నూ ముందు ఒంటరిగా తెలిసిన లోడ్ మీద నడిపి, మూడు ఫేజుల్లోనూ కిలోవాట్లు ప్లస్‌లో, దాదాపు సమానంగా ఉన్నాయని చూశాకే రెండో సెట్‌తో కలపాలి.

దీనికన్నా ప్రమాదకరమైనది సెన్సింగ్ తీగల (మాడ్యూల్‌కు వోల్టేజీ చూపే తీగల) పొరపాటు. పవర్ కేబుల్‌లో వై, బి తారుమారై, సెన్సింగ్ తీగల్లోనూ అదే తారుమారు జరిగితే, మాడ్యూల్‌కు అంతా సవ్యంగా కనిపిస్తుంది. సింక్ అయిందని చూపి బ్రేకర్‌కు ఆజ్ఞ ఇస్తుంది. అందుకని మొట్టమొదటిసారి కలిపే ముందు బ్రేకర్ మూసే ఆజ్ఞ తీగను విప్పేసి, న్యూట్రళ్లు కలిసి ఉన్నాయని చూసుకుని, మాడ్యూల్ తెరపై సింక్ అయిందని కనిపించిన క్షణంలో బ్రేకర్ ఒక్కో పోల్ పైకొసకూ కిందికొసకూ మధ్య వోల్టేజీ కొలవాలి. మూడు పోళ్లలోనూ సున్నాకు దగ్గరగా ఉండాలి. ఆర్ పోల్‌లో సున్నా, వై, బి పోళ్లలో 415 వోల్టులు కనిపిస్తే ఫేజులు తారుమారయ్యాయి. ఈ కొలత తగిన రేటింగ్ ఉన్న మీటర్‌తో, చేతులకు రక్షణతో, అర్హత ఉన్న మనిషే చేయాలి. ఈ ఒక్క కొలత మానేసిన చోట మొదటి మూతతోనే లక్షల విలువైన ఆల్టర్నేటర్ పోయే అవకాశం ఉంది.

ఎవరు ముందు, ఎవరు ఎప్పుడు

సప్లై పోగానే సెట్లన్నీ ఒకేసారి స్టార్ట్ అవుతాయి. అప్పుడు బస్‌బార్‌లో కరెంటు లేదు, సింక్ చేయడానికి ఏమీ లేదు. రెండు సెట్లు ఒకేసారి ఆ ఖాళీ బస్‌బార్‌పైకి బ్రేకర్ మూస్తే అది సింక్ లేకుండా కలిపినట్టే. కాబట్టి మాడ్యూళ్లు తమలో తాము మాట్లాడుకుని, వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ ముందుగా సిద్ధమైన ఒక్క సెట్‌కే ఖాళీ బస్‌బార్‌పైకి వెళ్లే హక్కు ఇస్తాయి, మిగతావి దానితో సింక్ అయి చేరతాయి. ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్లు, ఐసీయూ వంటి అత్యవసర లోడ్‌ను ఆ మొదటి సెట్‌పైనే పెట్టి, మిగతా లోడ్‌ను రెండోది చేరాక వదలాలి. ఇంజిన్ స్టార్ట్ అయి సిద్ధమవడానికి పట్టే ఆ కొద్ది సెకన్లను యూపీఎస్ భరిస్తుంది.

ఆ తర్వాత లోడ్‌ను బట్టి సెట్లను ఆపడం, స్టార్ట్ చేయడం కూడా మాడ్యూల్ చూసుకుంటుంది. నడుస్తున్న సెట్లపై లోడ్ 80 శాతం దాటితే ఇంకొకటి రావాలని, ఒకటి తప్పించినా మిగతావాటిపై భారం తగినంతే ఉంటుందనుకున్నప్పుడు అది ఆగాలని సెట్ చేస్తారు. గుజ్జు ఫ్యాక్టరీలో కాయ రాక ఆగి, కోల్డ్ స్టోరేజీ ఒక్కటే నడిచేటప్పుడు ఒక సెట్ చాలు. ఇక్కడ అందరూ మరిచిపోయేది పెద్ద మోటారు స్టార్టింగ్. ఒక సెట్‌పై 60 శాతం లోడ్ ఉన్నప్పుడు అమ్మోనియా కంప్రెసర్ డైరెక్ట్‌గా స్టార్ట్ అయితే ఆ క్షణానికి సెట్ తట్టుకోలేకపోవచ్చు. మోటారు స్టార్ట్ అయ్యే ముందు మాడ్యూల్‌కు ఒక సంకేతం ఇచ్చి, రెండో సెట్ చేరాకే స్టార్టర్‌ను అనుమతించే ఏర్పాటు చేస్తే ఈ బాధ ఉండదు. అలాగే నడుస్తున్న రెండు సెట్లలో ఒకటి హఠాత్తుగా ట్రిప్ అయితే మిగిలినదానిపై లోడ్ రెట్టింపు అవుతుంది. అది కూడా పడిపోకముందే ఏసీలు, గీజర్ల వంటి అనవసర లోడ్‌ను వదిలేసే అవుట్‌పుట్‌ను వాడుకోవాలి. ఈ అవుట్‌పుట్ అన్ని మంచి మాడ్యూళ్లలో ఉంటుంది, ప్యానెల్‌లో దానికి తీగ వేసి ఉండడం మాత్రం అరుదు.

ఇప్పుడు పైకప్పు సోలార్ కూడా ఈ బస్‌బార్‌పైకి వచ్చింది. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం ఫ్యాక్టరీ లోడ్ 300 కిలోవాట్లు ఉండి, సోలార్ 250 ఇస్తుంటే జనరేటర్‌కు మిగిలేది 50 మాత్రమే, 30 శాతం హద్దుకు చాలా కింద. ఇంకాస్త ఎండ పెరిగితేనో, లోడ్ తగ్గితేనో శక్తి జనరేటర్‌లోకే తిరిగివచ్చి రివర్స్ పవర్ ట్రిప్ అవుతుంది. ఇన్వర్టర్లను జనరేటర్ లోడ్ చూసి వెనక్కి తగ్గించే కంట్రోలర్ లేకుండా ఈ రెంటినీ కలపకూడదు. ఇక డిస్కం గ్రిడ్‌తోనే జనరేటర్‌ను క్షణకాలమైనా సమాంతరంగా నడపాలంటే అది పూర్తిగా వేరే తరగతి మాడ్యూల్, వేరే రక్షణలు, డిస్కం అనుమతి, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి కావాలి. పోయిన లైన్‌లోకి మన జనరేటర్ కరెంటు వెనక్కి వెళ్తే స్తంభంపై పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. అందుకే రెండూ కలవకుండా ఆపే ఇంటర్‌లాక్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కటే ఉంటే చాలదు, యాంత్రికంగానో విద్యుత్‌పరంగానో కూడా ఉండాలి.

ప్యానెల్ అప్పగించుకునేటప్పుడు

కొత్త సింక్ ప్యానెల్ వస్తే సాధారణంగా రెండు సెట్లు స్టార్ట్ చేసి, సింక్ అయిందని చూపి, సంతకం పెట్టించుకుని వెళ్తారు. అది పరీక్షలో మొదటి భాగమే. రివర్స్ పవర్ రక్షణ సాధారణంగా డీజిల్ సెట్లకు రేటింగ్‌లో 5 నుంచి 15 శాతం మధ్య, కొన్ని సెకన్ల ఆలస్యంతో ఉంటుంది. అది నిజంగా పనిచేస్తుందో లేదో ఒక సెట్ ఇంధనాన్ని జాగ్రత్తగా తగ్గించి చూడాలి. రెండు సెట్లూ లోడ్‌పై ఉండగా ఒకదాని బ్రేకర్‌ను తెరిచి, అనవసర లోడ్ వదిలిపెట్టిందా, ఫ్రీక్వెన్సీ ఎంతవరకు పడి ఎంతసేపట్లో తేరుకుందో చూడాలి. రెండు ఆల్టర్నేటర్లూ వేర్వేరు వైండింగ్ పిచ్‌తో (కాయిల్ చుట్టు వెడల్పుతో) తయారైనవైతే న్యూట్రల్‌లో మూడో హార్మోనిక్ (150 హెర్ట్జ్) కరెంటు తిరుగుతుంది కాబట్టి న్యూట్రల్ కరెంటును కూడా క్లాంప్ మీటర్‌తో కొలవాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష మాత్రం మాడ్యూళ్ల మధ్య క్యాన్ కేబుల్‌ను పీకి చూడడం. రెండు సెట్లూ 60 శాతం లోడ్‌పై ఉండగా దాన్ని తీసి, ఐదు నిమిషాలు రెండు కిలోవాట్ అంకెల్నీ గమనించాలి. మాటలు తెగిపోతే డ్రూప్‌లోకి మారేలా సెట్ చేసి ఉంటే, ఫ్రీక్వెన్సీ కాస్త అటూఇటూ అయినా పంపకం నిలబడుతుంది, అలారం మోగుతుంది. అలా సెట్ చేయకపోతే ప్రతి మాడ్యూలూ తానొక్కటే ఉన్నానని భావించి ఐసోక్రోనస్‌లోనే కొనసాగుతుంది, చూస్తుండగానే ఒకదాని లోడ్ పైకి, మరోదానిది కిందికి జారుతుంది. ఆ స్థితిలో రివర్స్ పవర్ వరకు పోనివ్వకుండా కేబుల్ తిరిగి పెట్టించి, సెట్టింగ్ మార్పించి, అదే పరీక్షను మళ్లీ చేయించాలి. తర్వాత రెండు సెట్లనూ ఆపి, కేబుల్ తీసి ఉండగానే ఒకేసారి స్టార్ట్ చేయించి, ఖాళీ బస్‌బార్‌పైకి రెండు బ్రేకర్లూ కలిసి మూసుకోకుండా ఇంటర్‌లాక్ ఆపుతోందో లేదో చూడాలి. ఈ పరీక్షకు ముందు రెండో బ్రేకర్‌ను టెస్ట్ స్థానంలోకి (మూసుకున్నా బస్‌బార్‌కు కలవని స్థానంలోకి) లాగి ఉంచడం తప్పనిసరి. ఇవన్నీ కాయ దిగకముందే, మే నెలలోనే, ఫ్యాక్టరీ ఖాళీగా ఉన్నప్పుడు పూర్తిచేయించుకుని, చూసిన అంకెలన్నీ ప్యానెల్ లోపల పెట్టే రిజిస్టర్‌లో రాయించుకోవాలి.